వరండా దాటాక

తెలుగులో బంగ్లా అనే మాట ఒంటరిగా రాదు. మేడ, మిద్దె, లోగిలి అంటే ఎవరిదో ఒకరి సొంతిల్లు. బంగ్లా అనగానే ముందు ఇంకో మాట వచ్చి కూర్చుంటుంది: కలెక్టరు బంగ్లా, దొరగారి బంగ్లా, డాక్ బంగ్లా, ట్రావెలర్స్ బంగ్లా. అందులో ఉండేవాళ్లకు అది సొంతం కాదు, బదిలీ ఆర్డరు వస్తే పెట్టెలు సర్దుకోవాల్సిందే. ఊళ్లోవాళ్లది అసలే కాదు. దారిన పోయేవాళ్లకు గేటు వరకే తెలుసు. అర్జీ పట్టుకుని వెళ్లినవాళ్లకు వరండా వరకు తెలుసు. ఆ తర్వాత ఎన్ని గదులున్నాయో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో వంటవాడికీ తోటమాలికీ డవాలీ బంట్రోతుకూ తెలియాలి.

అలాంటి ఇంటికి టికెట్ కౌంటర్ పెట్టి లోపలికి రమ్మంటే జనానికి ఏం చూపించాలి? లోపల పెట్టిన వస్తువులనా, ఇంటినా? విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఈ ప్రశ్న ముప్పై ఏళ్లకు పైగా కళ్లముందే ఉంది. విశాఖ మ్యూజియం నడుస్తున్నది దొరల కాలపు బంగ్లాలోనే. 1991 అక్టోబరు 8న అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్ధనరెడ్డి దాన్ని ప్రారంభించారు. కళింగాంధ్ర ప్రాంతపు పాత ఆయుధాలు, నాణేలు, పట్టుబట్టలు, నగలు, పింగాణీ సామాను, చిత్రపటాలు, ఉత్తరాలు, డైరీలు, మ్యాపులు అందులో ఉన్నాయి. గడ్డి కూరి నిలబెట్టిన జంతువులు కూడా ఉన్నాయి. కానీ చూసొచ్చిన పిల్లవాణ్ణి ఏం చూశావురా అని అడిగితే ముందు చెప్పేది బాంబు గురించే.

అందులో ఆశ్చర్యం లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యుజో నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. హార్బరు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్లు కూడా కాలేదు. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తింది, ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. ఆ రోజు పడి పేలకుండా మిగిలిన 250 పౌండ్ల బాంబు, అంటే సుమారు 113 కిలోలది, ఇప్పుడు మ్యూజియంలో ఉంది. దానికి లేబుల్ ఒక్క వాక్యం చాలు. ఎక్కడిది, ఎప్పుడు పడింది, ఎందుకు పేలలేదు అని పిల్లలే అడుగుతారు. దాన్ని కాపాడుతున్న గోడలను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. మ్యూజియంలో అన్నిటికన్నా పెద్ద వస్తువు ఆ ఇల్లే అయినా, అది వస్తువులు పెట్టుకునే బీరువాగా మిగిలిపోయింది.

ఇంటిని అడగాల్సిన మొదటి ప్రశ్న దాని పేరులోనే ఉంది. దాన్ని డచ్ బంగ్లా అంటారు, వయసు నూట యాభై ఏళ్లని చెబుతారు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెడితే పొసగవు. ఈ తీరంలో డచ్చివాళ్ల స్థావరం భీమునిపట్నం. అక్కడి సమాధుల మీద 1660ల నాటి తేదీలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1824లో ఇంగ్లీషువాళ్లతో కుదిరిన ఒప్పందం ప్రకారం మరుసటి ఏడు వాళ్లు భీమిలిని అప్పగించి వెళ్లిపోయారు. మ్యూజియం తెరిచిన ఏడాది నుంచి నూట యాభై ఏళ్లు వెనక్కి లెక్కేసినా 1841 వస్తుంది. అప్పటికి డచ్చివాళ్లు పోయి పదహారేళ్లు. కాబట్టి ఇల్లు చెప్పినదానికన్నా పాతదైనా అయ్యుండాలి, లేదా ‘డచ్’ అనేది ఊరు అలవాటుగా తగిలించిన పేరైనా అయ్యుండాలి. మన ఊళ్లలో రెండోది చాలా మామూలు సంగతి. కాస్త లావు గోడలు, గుండ్రటి స్తంభాలు కనిపిస్తే అది బుడతకీచులదో (పోర్చుగీసువాళ్లదో) డచ్చివాళ్లదో అయిపోతుంది, ఎవరూ కాగితం అడగరు. మ్యూజియం ఇలాంటి తిరకాసును దాచిపెట్టడం కన్నా గోడ మీద పెద్దక్షరాలతో రాస్తే బాగుంటుంది. పదో తరగతి పిల్లలు కూడా పెన్సిలు తీసి లెక్క వేసుకుంటారు.

అసలు ఈ బంగ్లాలు సముద్రం ఒడ్డుకూ వాల్తేరు మెరకకూ ఎందుకు చేరాయన్నది రెండో ప్రశ్న. ఈస్టిండియా కంపెనీ విశాఖలో వర్తక స్థావరం పెట్టింది 1682లో. అప్పటి ఊరంటే ఇప్పటి వన్ టౌన్: కోట, దాని చుట్టూ వీధులు, పక్కనే ఉప్పుటేరు బురద. దోమలూ జ్వరాలూ అక్కడే. 1794లో, పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు మరణించిన ఏడాదే, కంపెనీ పాత కౌన్సిల్ పాలన తీసేసి కలెక్టర్లను పెట్టింది. వర్తకుడు పరిపాలకుడయ్యాక అతనికి కోట గోడ అవసరం తగ్గింది, గాలి అవసరం పెరిగింది. వాల్తేరు మెరక మీద ఎకరాల కొద్దీ ఆవరణలతో బంగ్లాలు లేచాయి. ఊరికి దూరంగా, ఎత్తుగా, సముద్రానికి ఎదురుగా ఉండే ఆ చోటే అధికారం ఎవరిదో చెప్పేది. మెరకకు ఇంగ్లీషు మాటైన ‘అప్‌ల్యాండ్స్’ ఇప్పటికీ విశాఖలో అద్దె పెంచే మాటే.

ఇక ఇంటి లోపలికి. ఇలాంటి బంగ్లాల కట్టడం దాదాపు ఎక్కడైనా ఒకే తీరు. చుట్టూ లోతైన వరండా. మధ్యాహ్నపు ఎండ గోడను నేరుగా తాకకుండా అది అడ్డం. పదిహేను ఇరవై అడుగుల ఎత్తున కప్పు, దాని కింద వేడిగాలి బయటికి పోవడానికి చిన్న కిటికీలు. తలుపులకు ఏటవాలు చెక్కపట్టీలు, మూసినా గాలి ఆగదు. ఎండాకాలం వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. హాల్లో కప్పుకు గుడ్డ పంకా వేలాడేది. దాని తాడు గోడకు పెట్టిన కన్నంలోంచి వరండాలోకి వచ్చేది. లాగే మనిషి బయట కూర్చునేవాడు. లోపల ఉన్నవాళ్లకు గాలి తగిలేది, మనిషి కనిపించేవాడు కాడు.

ఈ కన్నం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఇంటి కథ చాలావరకు అందులోంచే కనిపిస్తుంది. వంటిల్లు ఇంట్లో ఉండదు. పొగా నిప్పు భయం వల్ల వెనక వేరే కట్టడంలో ఉంటుంది. స్నానాల గదికి రెండు తలుపులు: ఒకటి పడకగదిలోంచి, ఇంకోటి నేరుగా పెరట్లోకి. ఆ రెండోది పాకీవాడి కోసం. అతను ఇంట్లో అడుగు పెట్టకుండా పని చేసి పోవాలి. దొర కులం పాటించేవాడు కాకపోవచ్చు, అతని ఇంటి ప్లాను మాత్రం పాటించింది. ఆవరణ చివర నౌకర్ల గదుల వరస. ఇంటి ముందు భాగంలో ఆఫీసు గది. దాని బయట వరండాలో బల్ల, బల్ల మీద అర్జీదారులు, తలుపు దగ్గర ఇత్తడి బిళ్ల ఉన్న డవాలీ వేసుకున్న బంట్రోతు. ఎవరిని పిలవాలో, ఎవరిని ‘రేపు రా’ అని పంపాలో చాలాసార్లు అతనే తేల్చేవాడు.

అధికార నివాసం మ్యూజియంగా మారినప్పుడు సాధారణంగా మొదట పోయేది ఈ వెనక సగమే. హాలు మిగులుతుంది, భోజనాల బల్ల మిగులుతుంది, గోడకు జింక తల మిగులుతుంది. వంటిల్లు టాయిలెట్లుగా, నౌకర్ల గదులు స్టోరుగా మారిపోతాయి. ఇంటిని నడిపినవాళ్ల చోటే చూసేవాళ్ల కంటికి దూరమవుతుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ హైదరాబాదు బొల్లారంలో ఉంది. నిజాం కాలంలో కట్టి, నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి, అంటే రెసిడెంటు, విడిదిగా వాడి, స్వాతంత్ర్యం తర్వాత రాష్ట్రపతి దక్షిణాది విడిదిగా మారిన రాష్ట్రపతి నిలయం అది. ఏటా కొద్దిరోజులే జనాన్ని రానిచ్చేవారు. 2023 మార్చిలో ఉగాదికి ఏడాది పొడవునా చూసేలా తెరిచారు. అక్కడ జనం ఎక్కువసేపు నిలబడేది దర్బారు గది ముందు కాదు, సొరంగం దగ్గర. వంటిల్లు వేరే కట్టడంలో ఉంది కాబట్టి వండిన పదార్థాలు భోజనాల గదికి చేరడానికి నేల కింద దారి తవ్వారు. ఇప్పుడు దాని గోడల మీద చేర్యాల బొమ్మలు వేశారు. బొమ్మలు బాగున్నాయి. ఆ బొమ్మలు లేకున్నా, పళ్లెం పట్టుకుని ఆ దారిలో నడిచినవాడి పని ఎలాంటిదో అక్కడ నిలబడగానే తెలుస్తుంది. ఏ లేబులూ అంత బాగా చెప్పలేదు.

ఢిల్లీలో తీన్‌మూర్తి భవన్‌ది మరో దారి. రాబర్ట్ టోర్ రస్సెల్ గీసిన ప్లానుతో 1930లో బ్రిటిష్ సైన్యాధిపతి నివాసంగా కట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ అందులో పదహారేళ్లు ఉన్నారు, 1964 మే 27న అక్కడే పోయారు. ఆరు నెలలు తిరగకుండా, నవంబరు 14న, అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దాన్ని మ్యూజియంగా ప్రారంభించారు. (ఆయన 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. వాల్తేరు మెరక గాలి ఆయనకు కొత్త కాదు.) అక్కడ పడకగది, చదువుకునే గది, పుస్తకాల బీరువాలు నెహ్రూ వదిలి వెళ్లినట్టే ఉంచారు. మనిషి ఇప్పుడే లేచి పక్కగదిలోకి వెళ్లాడేమో అనిపించేలా ఉంచడం ఈ పద్ధతిలో కిటుకు. 2022 ఏప్రిల్ 14న అదే ఆవరణలో కొత్త భవనం కలిపి ప్రధానులందరి సంగ్రహాలయంగా మార్చారు. ఒక్కరి ఇల్లు పదవి చరిత్రగా మారడం మీద రాజకీయ వాదన ఎంతైనా నడవొచ్చు. కట్టడం పరంగా చూస్తే మాత్రం ఒక మంచి పని జరిగింది. కొత్త తెరలు, కొత్త యంత్రాలు చాలావరకు కొత్త భవనంలోకి వెళ్లాయి, పాత ఇంటి మీద బరువు తగ్గింది.

విశాఖ బంగ్లాకు తీన్‌మూర్తి పద్ధతి కుదరదు. అందరికీ తెలిసిన ఒక్క మనిషి కాపురం ఉండి వెళ్లిన ఇల్లు కాదది. ఇంటిని నడిపినవాళ్ల దారిని చూపించే బొల్లారం పద్ధతి కుదురుతుంది. (2024 నుంచి ఋషికొండ మీది కొత్త భవనాలను ఏం చేయాలన్న చర్చ ఊళ్లో చాలా నడిచింది. ఎవరూ కాపురం పెట్టని గదులకు ఈ పద్ధతులేవీ పనికిరావు, ఆ ప్రశ్న వేరు.)

విచిత్రం ఏమిటంటే, ఇంటిని చూపించడం ఎలాగో విశాఖకు బాగా తెలుసు. అదే బీచ్ రోడ్డులో ఉన్న కురుసురా జలాంతర్గామిని చూస్తే చాలు. 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో రిటైరై, 2002 ఆగస్టులో ఇసుక మీద మ్యూజియంగా తెరుచుకుంది. 91 మీటర్ల పొడవు. డెబ్బై మందికి పైగా మనుషులు నెలల తరబడి కాపురం చేసిన ఇల్లు అది కూడా. సర్కారు క్వార్టర్స్ అన్నా తప్పులేదు. లోపలికి దిగితే గైడు టార్పెడోల గురించి చెబుతాడు, వెంటనే పడకల గురించి చెబుతాడు: ఎంత ఇరుకు, ఎవరు ఎక్కడ పడుకునేవాళ్లు, నీళ్లు ఎలా పొదుపు చేసేవాళ్లు. గైడ్లుగా ఉన్నది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. తలుపు దగ్గర తల ఎలా వంచాలో వాళ్లు చెప్పరు, వంచి చూపిస్తారు. వంటగది ముందు ఆడవాళ్లు ఆగిపోయి ఇంతమందికి ఇంత చోట్లో ఎలా వండారమ్మా అనుకుంటారు. ఇనుప గొట్టం లాంటి చోట ఇంత కాపురం కనిపిస్తుంటే, ఇంత పెద్ద బంగ్లాలో ఎందుకు కనిపించకూడదు?

కథ సంగతి అలా ఉంచితే, ఇంటినీ మ్యూజియాన్నీ నిజంగా గొడవ పెట్టేది గాలి. బంగ్లా కట్టిందే సముద్రపు గాలి లోపల తిరగడానికి. మ్యూజియానికి కావాల్సింది కదలని గాలి. విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది. పాత కాగితానికీ పట్టుకూ యాభై శాతం అటూఇటూ ఉంటే హాయి. అంతకు మించితే బూజు పడుతుంది. రోజుకోసారి ఎక్కుతూ దిగుతూ ఉంటే ఇంకా ప్రమాదం, దారం సాగుతూ ముడుచుకుంటూ చివరికి చిట్లుతుంది. వెలుతురు కూడా అంతే. పట్టుబట్టల మీద 50 లక్స్‌కు (లక్స్ వెలుతురు కొలత) మించి పడకూడదంటారు. సముద్రం వైపు కిటికీ తెరిస్తే అది క్షణంలో దాటిపోతుంది. పైగా ఆ గాలిలో ఉప్పు ఉంది. కత్తులకూ నాణేలకూ అది మెల్లగా పనిచేసే విషం.

వెంటనే తట్టే మందు ఏసీ. కిటికీలకు అద్దాలు బిగించి, సందులు మూసి, ఏసీ పెట్టేయడం. ఇక్కడే పాత గోడ ఎదురు తిరుగుతుంది. ఆ కాలపు గోడల్లో సిమెంటు లేదు. గుల్లసున్నాన్ని గానుగలో ఆడించి, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ కలిపి పట్టించేవారు. మిద్దె అయితే టేకు దూలాల మీద పల్చటి ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన మద్రాసు మిద్దె. సున్నపు గోడ తేమను పీల్చి మళ్లీ వదిలేస్తుంది, గాలి ఆడితేనే ఆరుతుంది. లోపల చల్లగా, బయట ఉక్కగా పెడితే గోడలో నీరు చేరుతుంది. పై నుంచి ఎవరో మంచి ఉద్దేశంతోనే సిమెంటు ప్లాస్టరు, ఎమల్షన్ పెయింటు వేస్తారు. నీళ్లు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఉప్పు గోడలోనే గడ్డకట్టి, పొక్కి, పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. పెచ్చు ఊడిందని మళ్లీ సిమెంటే పూస్తారు. బీచ్ రోడ్డు వెంట పాత ఇళ్లు ఉన్నవాళ్లకు ఈ చక్రం గురించి చెప్పనక్కర్లేదు, రంగుల బిల్లులు వాళ్ల దగ్గరే ఉంటాయి.

ఏసీ వల్ల ఇంకా పెద్ద నష్టం కూడా జరగొచ్చు. బ్రెజిల్‌లోని రియో నగరంలో జాతీయ మ్యూజియం ఉన్నది ఒకప్పటి రాజనివాసంలో. పోర్చుగల్ రాజకుటుంబం, తర్వాత బ్రెజిల్ చక్రవర్తులు ఉన్న భవనమది. రాచరికం పోయాక 1892లో మ్యూజియం అందులోకి వచ్చింది. 2018 సెప్టెంబరు 2 రాత్రి అంటుకుని, రెండు కోట్ల వస్తువుల్లో అత్యధిక భాగం బూడిదైంది. మంట కింది అంతస్తు ఆడిటోరియంలోని ఏసీ దగ్గర మొదలైందని దర్యాప్తులో తేలింది. అగ్నిమాపకదళం వచ్చేసరికి దగ్గరి గొట్టాల్లో నీళ్లు లేవు. పాత చెక్కదూలాలు, ఏళ్ల తరబడి అతుకుల బొంతగా పెరిగిన వైరింగు, మరమ్మతులకు సరిగా రాని డబ్బు: ఈ మూడూ కలిసిన చోటు రియో ఒక్కటే కాదు.

విశాఖ లాంటి ఊరికి ఏసీ కన్నా సాదా దారి ఉంది. ఇల్లంతటినీ మార్చకుండా పెట్టెను మార్చడం. గదిలో గాలి ఆడనివ్వాలి, వరండా తలుపులు పని చేయనివ్వాలి. పట్టుచీర, డైరీ, ఉత్తరం లాంటివి గాలి చొరబడని అద్దాల పెట్టెలో పెట్టి, అడుగున సిలికా జెల్ వేయాలి. కొత్త బూట్ల డబ్బాలో వచ్చే చిన్న పొట్లాల్లోనిదే, కాకపోతే కిలోల్లెక్కన. రంగు మారినప్పుడు తీసి వేడిచేసి మళ్లీ పెడితే పని చేస్తుంది. దీనికి కోట్లు అక్కర్లేదు. వారానికోసారి తేమ మీటరు చూసి రిజిస్టరులో రాసే మనిషి కావాలి. ఆ మనిషి సెలవు పెడితే చూసే ఇంకో మనిషి కావాలి. మన ప్రభుత్వ మ్యూజియాల్లో కష్టం వచ్చేది సాధారణంగా ఈ రెండో మనిషి దగ్గరే. ప్రారంభోత్సవానికి బడ్జెట్ ఉంటుంది, శిలాఫలకానికీ ఉంటుంది. సిలికా జెల్ మార్చడానికి ఏ పద్దు కింద రాయాలో తెలియక ఫైలు ఆగిపోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ తీరంలో పెంకులు, రేకులు, అద్దాలు కాగితాల్లా లేచాయి. సముద్రానికి ఎదురుగా వస్తువులు పెట్టుకున్న ఏ మ్యూజియానికైనా తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ఏది ముందు కిందికి దించాలో రాసిన కాగితం ఒకటి గోడకు ఉండాలి. ఆ జాబితాలో బాంబు చివరన వచ్చినా పర్వాలేదు, దానికేం కాదు. ముందు ఉత్తరాలు, మ్యాపులు.

ఇంటి కథ చెప్పడానికి మాత్రం పెద్ద ఖర్చేమీ లేదు. ముందు వరండాలో ఒక పాత చెక్కబల్ల, దాని మీద నాలుగు అర్జీల నకళ్లు. కప్పుకు పంకా, లాగి చూడడానికి తాడు. ఆ తాడు పట్టుకున్న పిల్లవాడు రెండు నిమిషాల్లో చేతులు నొప్పంటాడు, పంకావాడి గురించి వేరే పాఠం అక్కర్లేదు. వెనక తలుపు దగ్గర అది ఎవరి కోసం పెట్టారో మొహమాటం లేకుండా రెండు వాక్యాలు.

వాల్తేరు బంగ్లాల్లో, సర్కారు క్వార్టర్లలో వంట, తోట, కాపలా పనులు చేసి రిటైరైన వాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. అందులో చాలామంది డెబ్బై దాటినవాళ్లే. ఒక రికార్డరు పట్టుకుని వాళ్లలో పదిమంది దగ్గర కూర్చుంటే, మే నెల మధ్యాహ్నం ఏ తలుపు తీసి ఏది మూస్తే హాల్లోకి గాలి వచ్చేదో ఇప్పటికీ చెప్పగలరు.